ఎవరిని అడిగి వస్తున్నారు?

(జగదల్పూర్‌లో తెలుగువారి సభలో చేసిన స్మారక ఉపన్యాసం. అచ్చు కోసం కొద్దిగా సవరించిన పాఠం)



ఈ సభ ఎవరి స్మృతిలో జరుగుతోందో ఆ మాస్టారు మనలో చాలామందికి భూగోళం చెప్పారు. ఏ పాఠమైనా చివరికి రెండు ప్రశ్నల దగ్గరికి తెచ్చేవారు. ఈ నీళ్లు ఎక్కడికి పోతాయి? ఈ సరుకు ఎక్కడికి పోతుంది? ఆయన పేరు మీద జరిగే సభలో విహార ఓడల గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు కొంచెం తటపటాయించారు. బస్తర్‌కు సముద్రం ఎక్కడిదండీ అన్నారు. బస్తర్ సముద్రం విశాఖపట్నంలో ఉంది. మన స్టేషన్ మీదుగా రాత్రనక పగలనక దిగువకు పోయే ఖనిజం బండ్లు చేరేది అక్కడికే. ఆ రేవులో ఇప్పుడు ఒక కొత్త వాదం నడుస్తోంది. ఓడల్లో వేలమంది యాత్రికులు రావాలా, వస్తే ఊరికి దక్కేదేమిటి, రమ్మని పిలిచే అధికారం ఎవరిది? ఈ మూడో ప్రశ్న మన చిత్రకోట్ జలపాతానిదీ, మన కుటుంసర్ గుహదీ కూడా. అందుకే ఇవాళ దాని గురించి వివరంగా మాట్లాడుకుందాం.

ముందు రేవు కథ. విశాఖ రేవును తవ్వించిందే లోపలి భూముల సరుకు కోసం. మధ్య పరగణాల మాంగనీసును సముద్రానికి చేర్చడానికి బెంగాల్ నాగపూర్ రైల్వే రాయపూర్ నుంచి విజయనగరానికి లైను వేసింది, దాని చివర రేవు కట్టారు. 1933 అక్టోబర్ 7న సింధియా కంపెనీ వారి జలదుర్గ అక్కడ మొదటి ఓడగా అడుగుపెట్టింది. ఆ డిసెంబర్లో వైస్రాయ్ విల్లింగ్డన్ వచ్చి లాంఛనంగా ప్రారంభించాడు. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కన అలల్ని ఆపడానికి రెండు పాత ఓడలను ముంచి గోడలా నిలబెట్టారు. జలదుర్గ ప్రయాణికుల ఓడ అన్న సంగతి చాలామంది మరిచిపోయారు. విశాఖకు మనుషులతో ఓడ రావడం ఈనాటి వింత కాదు.

తర్వాతి అధ్యాయం పూర్తిగా మనది. 1960లో జపాన్ ఉక్కు మిల్లులతో ఒప్పందం కుదిరింది. ఏటా అరవై లక్షల టన్నుల ఇనుప ఖనిజం పంపాలి, అందులో నలభై లక్షలు మన బైలాడీలా కొండల నుంచే. ఆ మాట నిలబెట్టుకోవడానికి తూర్పు కనుమలను తొలిచి సొరంగాల మీద సొరంగాలు వేసి కొత్తవలస నుంచి కిరండుల్ దాకా లైను పరిచారు. మనం కె.కె. లైను అని పిలుచుకునేది అదే. ఖనిజం మోసే పెద్ద ఓడలు లోపలి రేవులో పట్టవని 1976 నాటికి విశాఖలో బయటి రేవు సిద్ధం చేశారు. ఆ తర్వాత కిరండుల్ నుంచి విశాఖకు 267 కిలోమీటర్ల గొట్టం పడింది. ఖనిజాన్ని పొడి చేసి నీళ్లలో కలిపి ఆ గొట్టంలో పంపుతారు. అంటే ఖనిజంతో పాటు మన కొండల నీళ్లు కూడా దిగువకు పోతున్నాయి.

ఈ ఏర్పాటులో టోక్యో మాట విన్నారు, ఢిల్లీ మాట విన్నారు, రేవు ఇంజనీర్ల మాట విన్నారు. కిరండుల్ చుట్టుపక్కల ఊళ్ల మాట ఎవరూ అడగలేదు. ఫలితం శంఖినీ నదిలో చూశాం. ఖనిజపు మట్టి కలిసి ఆ నది ఏళ్ల తరబడి ఎర్రగా పారింది. దంతేవాడలో దంతేశ్వరి అమ్మవారి గుడి ముందు శంఖినీ, డంకినీ కలిసే చోట నిలబడి చూసినవాళ్లకు ఆ ఎరుపు తెలుసు. ఆ నీళ్లు తాగలేక, పొలానికి పెట్టలేక, పశువుల్ని దించలేక బతికిన ఊళ్లు ఉన్నాయి. కొండ దగ్గర జరిగే దానికి రేవు దగ్గర నిర్ణయం జరిగితే ఏమవుతుందో దేశంలో మనకంటే బాగా తెలిసినవాళ్లు తక్కువ.

ఇప్పుడు ఓడల సంగతి. 2022 జూన్‌లో కార్డీలియా సంస్థ వారి ఎంప్రెస్ అనే విహార ఓడ చెన్నై నుంచి విశాఖ వచ్చింది. రేవులో పండగ చేశారు. అదే యాత్రలో ఆ ఓడ పుదుచ్చేరి దగ్గర కూడా ఆగాలి. అక్కడ గొడవ మొదలైంది. ఓడలో జూదశాల ఉందని రాజకీయ పక్షాలు అడ్డుపడ్డాయి. లెఫ్టినెంట్ గవర్నరుగా ఉన్న తమిళిసై సౌందరరాజన్ జూదానికి చోటిచ్చేది లేదన్నారు. అప్పుడు ఓడకు అనుమతి దక్కలేదు. పుదుచ్చేరిది ఫ్రెంచివాళ్ల నాటి రేవు, వీధులన్నీ చరిత్రే. వచ్చేవాళ్లను అడ్డుకోవాలని ఆ ఊరు అనుకోలేదు. ఏ షరతు మీద రావాలో చెప్పే హక్కు తనకుందని మాత్రం అనుకుంది. వాళ్ల అభ్యంతరంలో రాజకీయం ఎంత, నీతి ఎంత అన్నది వేరే లెక్క. నాకు నచ్చింది ఓడ గుమ్మంలోకి రాకముందే ఆ చర్చ జరగడం.

విశాఖలో వరస తిరగబడింది. అంతర్జాతీయ విహార ఓడల కోసం బయటి రేవులో దాదాపు 96 కోట్ల రూపాయలతో టెర్మినల్ కట్టారు. 2023 సెప్టెంబర్‌లో కేంద్రమంత్రి సర్వానంద సోనోవాల్ దాన్ని ప్రారంభించారు. ఒకేసారి రెండు వేలమందిని దించే ఏర్పాటు అది. 2024 ఏప్రిల్‌లో ది వరల్డ్ అనే ఓడ వచ్చింది. సొంత ఫ్లాట్లలో ఉన్నట్టు సంపన్నులు కాపురం ఉండే ఓడ అది. ఓడలు వస్తే టాక్సీలకు, గైడ్లకు, ఏటికొప్పాక బొమ్మలు చేసేవాళ్లకు, అరకు కాఫీ అమ్మేవాళ్లకు నాలుగు డబ్బులు వస్తాయని ఒక పక్షం. ఓడ దిగినవాళ్లు నాలుగైదు గంటలే ఉంటారు, తిండీ నిద్రా ఓడలోనే, ఆదాయంలో పెద్ద వాటా కంపెనీకే, పొగా చెత్తా మాత్రం రేవుకు అని రెండో పక్షం. ఇద్దరూ చెప్పేది నిజమే. బొగ్గు, ఇనుము దుమ్ముతో విసిగిపోయిన పాతూరి జనానికి బొగ్గు ఓడ కంటే మనుషుల ఓడ నయమనిపిస్తే తప్పు పట్టలేం. కానీ కట్టాక చర్చిస్తే ఆ చర్చకు బలం ఉండదు. కోట్లు ఖర్చయిన భవనం ఖాళీగా ఉంటే దాన్ని ఎలాగైనా నింపాలనే ఒత్తిడి వస్తుంది. ఎంతమంది రావాలి అన్న ప్రశ్న పక్కకుపోయి, ఇంకా ఎంతమందిని రప్పించాలి అన్నదే మిగులుతుంది.

ఈ ఒత్తిడి ఎక్కడిదాకా పోతుందో వెనిస్ చెబుతుంది. ఇటలీలో నీళ్ల మీద కట్టిన ఆ పాత రేవు నగరంలో 1951లో లక్షా డెబ్బై అయిదు వేలమంది ఉండేవారు. ఇప్పుడు పాత నగరంలో యాభై వేలమంది కూడా లేరు. నగరం నడిబొడ్డున ఉన్న జూదెక్కా కాలువలోంచి పదేసి అంతస్తుల ఓడలు గుళ్ల గోపురాలను దాటి పోతుంటే, వాటి కదలికకు ఇళ్ల పునాదుల కింద బురద కోసుకుపోతోందని అక్కడివాళ్లు ఏళ్ల తరబడి గోల పెట్టారు. పెద్ద ఓడలు వద్దంటూ ఒక ఉద్యమం పుట్టింది. 2017 జూన్‌లో ఆ ఉద్యమకారులే వీధుల్లో బల్లలు వేసి ఓటు పెట్టించారు. చట్టబద్ధత లేని ఆ ఓటుకు పద్దెనిమిది వేల పైచిలుకు జనం వచ్చారు, దాదాపు అందరూ వద్దనే అన్నారు. ప్రభుత్వం కదల్లేదు. 2019 జూన్ 2న ఎంఎస్‌సీ ఒపెరా అనే ఓడ అదుపు తప్పి రేవుగట్టును, అక్కడ కట్టి ఉన్న యాత్రికుల పడవను గుద్దింది. గాయపడినవాళ్లు ఉన్నారు. అప్పుడు కూడా రెండేళ్లు పట్టింది. యునెస్కో నుంచి హెచ్చరిక వచ్చాకే, 2021 ఆగస్టు 1 నుంచి 25 వేల టన్నులు దాటిన ఓడలు, 180 మీటర్లకు మించి పొడవున్న ఓడలు ఆ కాలువలోకి రాకూడదని చట్టం చేశారు.

వెనిస్ గెలిచిందని కొందరు రాస్తారు. నేను ఒప్పుకోను. ఓడలు మార్గేరా కర్మాగారాల రేవుకు, ఇతర ఊళ్లకు మళ్లాయి, యాత్రికులు అక్కడినుంచి బస్సులెక్కి వస్తున్నారు. 2024లో రద్దీ రోజుల్లో ఒక్కపూట వచ్చి పోయేవాళ్ల దగ్గర అయిదు యూరోలతో రుసుము వసూలు చేయడం మొదలుపెట్టారు. రుసుము కట్టి జనం వస్తూనే ఉన్నారు. ఊళ్లో కాపురాలు తగ్గిపోయాక తెచ్చిన నియమం ఊరిని తిరిగి నింపలేదు.

అమెరికాలో కీ వెస్ట్ అనే చిన్న దీవి పట్టణం ఇంకొక పాఠం. 2020 నవంబర్‌లో అక్కడి ఓటర్లు బ్యాలెట్ మీదే తేల్చేశారు. 1,300 మందికి మించి పట్టే ఓడలు రాకూడదు, రోజుకు 1,500 మందికి మించి దిగకూడదు. నూటికి అరవై మందికి పైగా ఒప్పుకున్నారు. మరుసటి ఏడాది ఫ్లోరిడా రాష్ట్ర ప్రభుత్వం చట్టం చేసి ఆ తీర్పును చెల్లకుండా చేసింది. ఊరు ఒక మాట అంటే పైనున్న రాజధాని కొట్టేయడం అమెరికాలోనూ జరుగుతుంది.

నేను ఎక్కువసేపు ఆగాలనుకునేది అలాస్కాలో. జూనో అనే పట్టణంలో ముప్పై రెండు వేలమంది ఉంటారు. 2023లో అక్కడ పదహారు లక్షలకు పైగా ఓడ యాత్రికులు దిగారు. పట్టణం ఓడల కంపెనీలతో కూర్చుని రోజుకు అయిదు పెద్ద ఓడలకు మించకూడదని ఒప్పందం చేసుకుంది, తర్వాత ఓడల్లోని పడకల లెక్కకు కూడా హద్దు పెట్టుకుంది. శనివారాలు ఓడలే వద్దన్న ప్రతిపాదన 2024 అక్టోబర్ ఓటింగులో వీగిపోయింది. ఓడిపోయినవాళ్లు కూడా ఆ ఓటును తప్పుపట్టలేరు, ఎందుకంటే ఓటేసింది ఆ వీధుల్లో నడిచేవాళ్లే.

జూనోకు పడమట హూనా అనే చిన్న ఊరుంది. ట్లింగిట్ ఆదివాసుల ఊరు, జనాభా వెయ్యి లోపు. అక్కడ 1912 నాటి పాత చేపల డబ్బాల కార్ఖానా మూతబడి ఉంటే, ఆ ట్లింగిట్ ప్రజల సొంత సంస్థ హూనా టోటెం దాన్ని బాగుచేసి 2004లో ఓడల విడిదిగా మార్చింది. మొదటి ఏళ్లలో పెద్ద ఓడ ఆగడానికి గట్టు కూడా లేదు. దూరంగా లంగరు వేస్తే చిన్న పడవల్లో జనాన్ని దించేవాళ్లు. ఓడ గట్టు 2016లో వచ్చింది. అంటే వ్యాపారం నిలబడుతుందో లేదో పన్నెండేళ్లు చూసుకున్నాకే పెద్ద కట్టడం కట్టారు. గైడ్లు, పడవలవాళ్లు, కథలు చెప్పేవాళ్లలో ఆ ఊరివాళ్లు ఉన్నారు, లాభం ఆ సంస్థలో వాటాలున్న ట్లింగిట్ కుటుంబాలకు వెళుతుంది. ఓడలు పెరిగేకొద్దీ అక్కడా ఇబ్బందులు పెరుగుతాయి, అది వేరే చెప్పక్కర్లేదు. అయినా బస్తర్ చూడాల్సింది వెనిస్ వైపు కంటే హూనా వైపు ఎక్కువని నా నమ్మకం.

ఎందుకంటే మన దగ్గర ఇంకా సమయం ఉంది. రోడ్లు పడుతున్నాయి. రాయపూర్ నుంచి విశాఖకు 464 కిలోమీటర్ల ఆరు వరసల రహదారి కాంకేర్, కొండగావ్ జిల్లాల మీదుగా వస్తోంది. కె.కె. లైనులో అరకు దాకా అద్దాల పెట్టెలు ఎప్పుడో వచ్చాయి. విశాఖలో ఓడ దిగినవాళ్లకు అరకు, బొర్రా చూపించేవాళ్లు రేపు జగదల్పూర్ కూడా చూపిస్తామంటారు. చిత్రకోట్‌ను భారతదేశపు నయాగరా అని ఇప్పటికే అమ్ముతున్నారు.

చిత్రకోట్ దగ్గర ఇంద్రావతి దాదాపు తొంభై అయిదు అడుగుల ఎత్తు నుంచి దూకుతుంది, వానాకాలంలో మూడువందల మీటర్ల వెడల్పున. అదే చిత్రకోట్ 2019 వేసవిలో ఎండిపోయింది. ఒడిశాలో ఇంద్రావతి నీళ్లు జోరా నాలా గుండా శబరి నది వైపు మళ్లిపోతున్నాయి. సరిహద్దు దగ్గర మనకు 45 టీఎంసీలు దక్కాలన్న ఒప్పందం కాగితం మీద ఉంది. జలపాతం చుట్టూ ఎన్ని గదులు కట్టాలి, ఎన్ని కార్లు నిలపాలి అని ప్రణాళికలు వేసేవాళ్లు నది ఎందుకు ఎండుతోందని కూడా అంతే గట్టిగా అడగాలి. నీళ్లు లేని జలపాతానికి యాత్రికుడు రాడు. ఆ నీళ్ల మీద బతికే రైతు మాత్రం ఎక్కడికీ పోలేడు.

కుటుంసర్ గుహ సంగతి ఇంకా సున్నితం. 1982లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించిన కాంగేర్ లోయలో సున్నపురాతి కింద ఉన్న ఆ గుహను 1950ల్లో శంకర్ తివారీ లోపలిదాకా పరిశోధించి లోకానికి చూపారు. అందులో కళ్లు క్షీణించి, రంగు వెలిసిన చిన్న చేపలున్నాయి. చీకటికి అలవాటుపడిన జీవాలవి. మనిషి ఊపిరి, దీపాల వేడి, కాళ్ల మట్టి అన్నీ వాటి మీద, బొట్టుబొట్టుగా పెరిగే ఆ సున్నపు స్తంభాల మీద పడతాయి. వానాకాలంలో గుహ మూసేస్తారు, మిగతా నెలల్లో గైడు లేకుండా పోనివ్వరు. ఇవి మంచి నియమాలు. కానీ రోజుకు ఎంతమంది అన్న లెక్క సెలవుల రద్దీని బట్టి మారకూడదు. ఆ గుహ ఎంత భరిస్తుందో శాస్త్రవేత్త చెప్పాలి, ఆ చుట్టుపక్కల ధుర్వా ఆదివాసుల ఊళ్లు ఒప్పుకోవాలి.

అదే లోయలో ధూడ్‌మారాస్ అనే ఊరుంది. ఊరి యువకులే కాంగేర్ నదిలో వెదురు తెప్పలు, కయాకులు నడుపుతారు, ఇళ్లలోనే అతిథులకు గదులిచ్చి ఊరి తిండి పెడతారు. 2024లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల పోటీలో, మెరుగుదల కార్యక్రమానికి ప్రపంచమంతటా ఎంపికచేసిన ఇరవై ఊళ్లలో ఇదొకటి. మరుసటి ఏడాది కాంగేర్ లోయ యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరింది. నాకు సంతోషమూ ఉంది, భయమూ ఉంది. పేరు వచ్చిన ఊరికి పెట్టుబడి వస్తుంది. ఆ పెట్టుబడి తెప్ప నడిపే కుర్రాడిని యజమానిగా ఉంచుతుందా, యూనిఫాం తొడిగి జీతగాడిని చేస్తుందా? దీనికి జవాబు ముందే రాసి పెట్టుకోవాలి.

ఇంకొకటి కూడా మరిచిపోకూడదు. కాంగేర్ నీళ్లు శబరిలో, శబరి నీళ్లు కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తాయి. 2019 సెప్టెంబర్ 15న పాపికొండల విహారానికి బయలుదేరిన రాయల్ వశిష్ఠ పడవ కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో మునిగింది. అందులో 77 మంది ఉన్నారు, బతికి బయటపడింది 26 మందే. కొందరిని పైకి లాగింది ఆ ఒడ్డు ఊళ్ల జనం. నది ఏ రోజు పడవకు లొంగదో తెలిసింది కూడా వాళ్లకే. ‘ఇవాళ పడవ వద్దు’ అని చెప్పే అధికారం మాత్రం వాళ్ల చేతిలో లేదు.

ఆ అధికారాన్ని ఎక్కడినుంచి తెచ్చుకోవాలి? బస్తర్‌లో అది పాత సంగతి. కాకతీయ ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఓరుగల్లు నుంచి వచ్చి ఇక్కడ రాజ్యం స్థాపించాడని చెప్పుకుంటాం. తెలుగువాళ్లుగా గర్వపడతాం కూడా. ఆ రాజవంశం కాలం నుంచి సాగుతున్న డెబ్బై అయిదు రోజుల దసరాకు లక్షలాది జనం వస్తారు. ఆ పండగలో ప్రధాన వేడుకలకు ముందు కాఛన్ గాది అనే తంతు జరుగుతుంది. మిర్గాన్ కులపు చిన్నపిల్ల మీదికి కాఛన్ దేవి వస్తుంది, ముళ్ల ఊయల మీద ఆ పిల్లను పడుకోబెడతారు, రాజకుటుంబం వచ్చి పండగ చేసుకోవడానికి ఆమె అనుమతి అడుగుతుంది. ఆమె సరేనంటేనే పండగ. పండగ చివర మురియా దర్బారులో జనం తమ కష్టాలు చెప్పుకుంటారు. ఇంతమంది జనాన్ని పిలిచే ముందు సమాజంలో అట్టడుగున ఉన్నవాళ్ల ఇంటి ఆడపిల్లను అడగాలన్న పద్ధతి ఈ నేల మీద ఉంది. ప్రపంచంలో ఏ రేవు నగరానికీ నేర్పగలిగిన పద్ధతి ఇది.

చట్టం కూడా అదే దారిలో ఉంది. బస్తర్ రాజ్యాంగంలోని అయిదో షెడ్యూల్ కిందికి వచ్చే ప్రాంతం. 1996 నాటి పెసా చట్టం ఊరి వనరులను, ఆచారాలను కాపాడుకునే అధికారం గ్రామసభకు ఇచ్చింది. ఛత్తీస్‌గఢ్ దానికి నియమాలు 2022లో రాసింది. అదే ఏడాది కాంగేర్ ఉద్యానవనంలోని గుడియాపదర్ అనే ఊరికి సామూహిక అటవీ వనరుల హక్కు దక్కింది. కాగితం ఉంటే సరిపోదని కూడా మనకు తెలుసు. బైలాడీలాలో 13వ నిక్షేపం తవ్వకానికి గ్రామసభ ఒప్పుకున్నట్టు చూపిన తీర్మానం దొంగదని, ఆ కొండ తమ దేవుడి కొండ అని 2019 జూన్‌లో వేలాది ఆదివాసులు కిరండుల్‌లో బైఠాయించారు. రాష్ట్ర ప్రభుత్వం పనులు ఆపి విచారణకు ఆదేశించాల్సి వచ్చింది. గని విషయంలో జరిగింది యాత్రికుల గదుల సముదాయం విషయంలో జరగదని ఎవరు హామీ ఇస్తారు?

యాత్రికులు రావద్దని నేను అనడం లేదు. ఊళ్లో కుర్రాడు ఇటుకబట్టీకి, మిర్చి కోతకు ఆంధ్రా తెలంగాణా పోయే బదులు తన నది మీద తెప్ప నడిపి బతికితే అంతకంటే కావలసిందేముంది? ఓడ కావచ్చు, అద్దాల రైలు కావచ్చు, ఆరు వరసల రోడ్డు కావచ్చు, అవి తెచ్చే జనం ఎంత, ఏ నెలల్లో, ఎవరి చేతుల మీదుగా అన్న నిర్ణయం కట్టడానికి ముందు ఊళ్లోనే జరగాలి. ఇదొక్కటే నేను చెప్పదలచింది.

ఈ సభలో హోటళ్లు నడిపేవాళ్లు, బస్సులు, టాక్సీలు తిప్పేవాళ్లు, కాంట్రాక్టులు చేసేవాళ్లు చాలామంది మనవాళ్లే ఉన్నారు. విశాఖలో బంధువులూ వ్యాపారమూ ఉన్నవాళ్లు మీరే, బస్తర్ ఊళ్లకు పర్యాటకాన్ని తెచ్చేవాళ్లలో ముందుండేదీ మీరే. మీతో నా మనవి ఇది. వచ్చే వానాకాలం ముగిసి గుహ తెరిచేలోగా, మీరు యాత్రికుల్ని తీసుకుపోయే ప్రతి ఊరి గ్రామసభకు వెళ్లండి. రోజుకు ఎంతమంది, ఏ రోజుల్లో వద్దు, ఆదాయంలో ఊరికి ఎంత అన్నది వాళ్ల తీర్మానంగా, గోండీలోనో హల్బీలోనో చదివి వినిపించాక రాయించండి. మీ టికెట్ మీద ఆ అంకె అచ్చు వేయండి. తీర్మానం లేని ఊరికి బండి పంపకండి.